డొంకను కదిలించరాదు

నేనేం పని చేస్తానని ఎవరైనా అడిగితే మా ఆవిడ "ఊళ్ళమ్మట తిరిగి గడ్డి లెక్కపెడతారండి" అని చెప్పేది. వెటకారమే గానీ అబద్ధం కాదు. ఎక్కడైనా గుట్ట తవ్వాలన్నా, ఫ్యాక్టరీ కట్టాలన్నా, పొలాలు కొని ప్లాట్లు వేయాలన్నా ముందు ఒకడు వెళ్ళి ఆ నేల మీద ఏ చెట్లున్నాయి, ఏ పిట్టలు గూళ్ళు పెడుతున్నాయి, వాన నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయి అని చూసి రాసివ్వాలి. ఆ ఒకణ్ణి నేను. తెలుగులో పర్యావరణ నిపుణుడు అంటారు. ముహూర్తం పెట్టుకున్నాక జాతకాలు చూపించుకునేవాళ్ళు ఉంటారే, నన్ను పిలిచేవాళ్ళంతా ఆ రకమే. నేనేం చెప్పినా పెళ్ళి ఆగదు.

చాలా ఏళ్ళు చేశాను ఆ పని. అన్నేళ్ళలో నా మాట అక్షరాలా విన్నది మాత్రం ఒక్కసారే. దాని గురించే ఇది రాస్తున్నాను.

మాది నందిగామ దగ్గర ఒక పల్లె. పల్లె అంటే ఊరు కాదు, ఊరికి పల్లంలో ఉన్న మా కాలనీ. అమ్మ నన్ను కన్న కొద్ది నెలలకే పోయింది. నాన్న జగ్గయ్యపేట వైపు సున్నం బట్టీల్లో పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. నన్ను పెంచింది అమ్మకు అక్క, మా పెద్దమ్మ. ఆమెకూ మొగుడు లేడు. ఒక్కతే కూతురు, నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. మిరప కోతలు, పత్తి తీతలు ఉన్నన్నాళ్ళు పెద్దమ్మ కూలికి పోయేది. అవి లేనప్పుడు మేకలు మేపేది. ఆ మేకల్ని తోలుకుపోయేది మా ఇంటి పక్కనుంచి మెరక పొలాల్లోకి ఎక్కిపోయే డొంకలోకి.

డొంక అంటే మా వైపు పొలాల మధ్య బండ్లు పోయే దారి. తాతల కాలం నుంచి బండి చక్రాలు తొక్కి, వానలు కోసి, పక్క పొలాల కంటే నడుంలోతు దిగిపోయి ఉంటుంది. ఎండాకాలం దారి, వానాకాలం కాలవ. మెరక మీద పడిన వానంతా అందులోకి దిగి, మా కాలనీని తాకకుండా పక్కనుంచి జారుకుని, కింద వాగులో కలిసేది. వాన వెలిసిన మర్నాడు మోకాళ్ళదాకా బురదలో పిల్లలం అందులోనే ఆడేవాళ్ళం. వరసలో చివరి ఇల్లు మాదే, సరిగ్గా ఆ డొంక గట్టు మీద.

ఏ ఆకుని మేక ఇష్టంగా తింటుంది, దేన్ని చూసి మూతి తిప్పుకుంటుంది అని చూసి చూసి చెట్లు గుర్తుపట్టడం వచ్చింది నాకు. తర్వాత కాలేజీలో వాటికే లాటిన్ పేర్లు నేర్పారు. డొంక తూర్పు గట్టు మీద ఒకచోట రేగు, పరికి, బలుసు ఒకదాన్నొకటి అల్లుకుపోయిన పెద్ద పొద ఉండేది. క్రిస్మస్ దాటాక అందులో రేగుపళ్ళు ముగ్గేవి. మేం చెయ్యి పెడితే ముళ్ళు గీరి రక్తం వచ్చేది. పెద్దమ్మ మాత్రం కొంగు చేతికి చుట్టుకుని లోపలికంటా పెట్టి, దోసిళ్ళకొద్దీ పళ్ళు తీసి మా ఒళ్ళో పోసేది. "ముళ్ళకీ నాకూ చుట్టరికం ఉందిరా" అనేది. ఆ పళ్ళ పులుపు తల్చుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరతాయి.

ఎమ్మెస్సీ అయ్యాక లెక్చరర్ ఉద్యోగం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. తొంభైల మొదట్లో విజయవాడలో ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరాను. అప్పట్లో జగ్గయ్యపేట చుట్టుపక్కల ఎక్కడ గీరినా సున్నపురాయే, కాబట్టి నా పనంతా అటే ఉండేది. మొట్టమొదట నేను చూసి రాసింది ఒక గుట్ట గురించి. గుట్ట మీద మోదుగులు, కింద తంగేడు, ఆ తంగేట్లో కౌజుపిట్టలు. అవి గుడ్లు పెట్టే నెలల్లో పేలుళ్ళు ఆపాలని రాశాను. అక్కడి మేనేజరు చదివి, పిట్టలకి కూడా మెటర్నిటీ లీవు ఇవ్వాలా అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

కొన్నేళ్ళకు మళ్ళీ అటు వెళ్తే గుట్ట లేదు. దాని చోట గొయ్యి, గోతిలో పచ్చటి నీళ్ళు. రోడ్డు పక్క తుమ్మలన్నీ బూడిద పూసుకున్న సన్నాసుల్లా నిలబడి ఉన్నాయి. టీకొట్టు దగ్గర ఆగి చాలాసేపు చెవులు రిక్కించి విన్నాను, ఎక్కడైనా ఒక్క కౌజు కూస్తుందేమోనని. లారీల చప్పుడు తప్ప ఏం వినపడలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాను. మా ఆవిడ ఏమైందని అడిగితే చెప్పుకోవడానికి సిగ్గేసింది. పిట్ట కోసం పస్తున్నానంటే ఎవరు నమ్ముతారు? అలాగని ఉద్యోగం మానలేదు. ఇంకో గుట్టకి వెళ్ళాను, ఇంకోటి రాశాను.

రెండువేల సంవత్సరం దాటాక గుట్టల నుంచి పొలాల మీదికి వచ్చింది నా పని. హైవేని పెద్దది చేస్తారన్న మాట పుట్టగానే చిల్లకల్లు నుంచి కంచికచర్ల దాకా రోడ్డుకి అటూ ఇటూ పత్తిచేలల్లో తెల్లరంగు హద్దురాళ్ళు మొలిచాయి. నందిగామలో అంతకుముందు పురుగుమందుల కొట్టు నడిపిన ఒకాయన వెంచర్లలోకి దిగాడు. మనిషి కలుపుగోలు. నేను ఎవరికీ పాఠాలు చెప్పకపోయినా నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. నిపుణుల సలహాతో వేసిన వెంచర్ అని కాగితం మీద అచ్చేయించుకోవడానికి ఆయనకి ఒక నిపుణుడు కావలసి వచ్చాడు. సైటు చూపిస్తానని ఒకరోజు కార్లో తీసుకెళ్ళాడు. కారు మా ఊరి వైపు మళ్ళింది. మా కాలనీకి నెత్తిమీద ఉన్న మెరక పొలాల దగ్గర ఆగింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. అక్కకి ఎప్పుడో చిల్లకల్లు సంబంధం చేసింది. పాత తాటాకు ఇల్లు పోయి, కాలనీ ఇల్లు శాంక్షనై, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా కట్టుకుని స్లాబు వేయించుకుంది. ఆ ఇంటికి ఆమె గోడలు తడిపింది, ఇసక మోసింది, గుమ్మానికి తనే నీలం రంగు వేసింది. మా పల్లెలో ఆడమనిషి పేరు మీద లేచిన మొదటి స్లాబు ఇల్లు అదేనని పాస్టరుగారు ప్రార్థనలో చెప్పిన రోజు, ఆమె ముసుగులో ఏడవడం నేను చూశాను. పక్కన రేకుల పాకలో మేకలు.

పై పొలాలన్నీ ప్లాట్లవుతాయని చెప్తే ఆమె పెద్దగా బాధపడలేదు.

"వాళ్ళు ఏం కట్టుకుంటే మనకేంటిరా, అయ్యేమన్నా మన పొలాలా? డొంక ఒక్కటి ఉంచమను నాయనా. అది పూడిస్తే నీళ్ళు సరాసరి నా ఇంట్లోకే వస్తయ్యి."

నేను చూసుకుంటానన్నాను. చదువుకున్నవాణ్ణి, పైగా అది నా పనే. నేల వాలు ఎటుందో, నీళ్ళు ఎటు పోతాయో చెప్పడానికే కదా వాళ్ళు నన్ను పెట్టుకుంది.

మర్నాడే వెంచర్ ఆయనకి చెప్పాను. అప్పుడున్న ఇంజినీరు మా ప్రాంతం వాడే, డొంక వెంబడి నాతో పాటు నడిచి చూశాడు. మ్యాపులో ఆ డొంక గీత ఎందుకో పడలేదని, తర్వాత వేస్తానని అన్నాడు. వెంచర్ ఆసామి ఇంకా ఉదారంగా మాట్లాడాడు. మీ పెద్దమ్మ మాకు పెద్దమ్మ కాదేంటండీ, రాసివ్వండి, అలాగే చేద్దాం అన్నాడు. ఇంగ్లీషులో రాస్తే ఎవరూ చదవరని, తెలుగులో అయితే మేస్త్రీ దగ్గర్నుంచి అందరికీ అర్థమవుతుందని, పొడవుగా కాకుండా రెండు ముక్కల్లో రాశాను. "తూర్పు వైపున ఉన్న డొంకను కదిలించరాదు. యథాతథంగా ఉంచవలెను." కింద సంతకం పెట్టాను.

ఆ వారం నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. గుట్టల కోసం పేజీలకు పేజీలు రాసినప్పుడు కాని పని రెండు వాక్యాలతో అయిపోయింది. పెద్దమ్మ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, మా బిడ్డ మాటను ఆ యజమాని గుండెలో పెట్టినందుకు ప్రభువుకి స్తోత్రం అని సాక్ష్యం చెప్పిందట. అక్క ఫోన్లో చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను గానీ కళ్ళు చెమర్చాయి.

ఆ వేసవంతా నాకు వేదాద్రి అవతల ఒక క్వారీ పని పడింది. జగ్గయ్యపేటలోనే గది తీసుకుని ఉన్నాను. ఈలోగా ఆ పాత ఇంజినీరు వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. అతని చోట తెలంగాణ వైపు నుంచి ఒక కుర్ర ఇంజినీరు వచ్చాడని, పని చురుగ్గా చేయిస్తున్నాడని విన్నాను. పెద్దమ్మ ఆ నెలల్లో అక్క కూతురి కాన్పు సాయానికి చిల్లకల్లు వెళ్ళి ఉంది. మేకల్ని పక్కింటివాళ్ళు చూసుకున్నారు. ఆమె తిరిగొచ్చేసరికి తొలకరి దగ్గరపడింది. డొంక పైభాగంలో మట్టి తోలుతున్నారని పక్కింటివాళ్ళు అంటే, మా వాడు రాసిచ్చాడు, గట్లు బాగుచేస్తున్నారేమో అందట.

మొదటి పెద్ద వాన ఆదివారం పొద్దున పట్టుకుంది. అందరూ చర్చిలో ఉన్నారు. పెద్దమ్మ మేకల్ని తడవకుండా పాకలో కట్టేసి వెళ్ళింది. పాటలు పాడుతుండగా ఎవరో వచ్చి పల్లెలోకి నీళ్ళు వస్తున్నాయని అరిచారట. ఎప్పుడూ పక్కనుంచి పోయే నీళ్ళు ఆ రోజు ఎదురుగా వచ్చాయి. చదును చేసిన ఎర్రమట్టిని కోసుకుంటూ, వెంచర్ రోడ్ల మీదుగా, ఒక్క పెట్టున. మిగతా ఇళ్ళలోకి మడమల్లోతు వచ్చాయి. మొదట తగిలింది పెద్దమ్మ ఇంటికి.

అక్క ఫోన్ చేస్తే జగ్గయ్యపేట నుంచి దొరికిన బస్సు ఎక్కి వచ్చాను. అప్పటికి వాన తగ్గింది. ఇంట్లో కిటికీదాకా ఎర్రటి గీత పడి ఉంది. గట్టు వైపు పునాది కింద మట్టి కొట్టుకుపోయి, గోడ స్లాబుదాకా పగిలింది. పాకలో మేకలు కట్టుతాళ్ళతోనే చచ్చిపడి ఉన్నాయి. పెద్దమ్మ చర్చి వరండాలో ఎవరిదో చీర కట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు.

"డొంక ఎటు పోయిందిరా?" అంది.

అదేదో నేను పెట్టెలో దాచిపెట్టినట్టు నన్నడిగింది. సైటు మీదికి పరిగెత్తాను. ఎక్కే దారంతా డొంక ఎక్కడుందా అని వెతికాను. నేను పుట్టి పెరిగిన చోట నాకు దారి తెలియలేదు. నడుంలోతు దారి ఉన్నచోట చదును. చదును మీద హద్దురాళ్ళు, సిమెంటు రోడ్డు, రోడ్డు పక్క నాటిన ఉత్తుత్తి అశోక చెట్లు.

కుర్ర ఇంజినీరు గొడుగేసుకుని అక్కడే ఉన్నాడు. నా పేరు చెప్పగానే ముఖం వెలిగింది. నేను కేకలేయడం మొదలుపెడితే ముందు అతనికి ఏం అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను చెయ్యిపట్టి తూర్పు వైపుకి తీసుకెళ్ళాడు. అక్కడ రేగు, పరికి, బలుసు అల్లుకున్న మా పొద ఉంది. చుట్టూ కొత్త ఇనప కంచె. కంచెకి ఆకుపచ్చ బోర్డు.

"మీరు రాసిచ్చిండ్రు కద సార్, తూర్పు దిక్కు డొంక కదిలించొద్దని. జేసీబీ వాడు లేపేస్తనంటే నేనే ఆపిన. కంచె గూడ ఏయించిన" అన్నాడు.

మా వైపు డొంక అంటే దారి. అతని వైపు అలాంటి దారిని బండ్లబాట అంటారట, డొంక అంటే ముళ్ళపొదే. తీగ లాగితే డొంకంతా కదిలిందని మేమూ అంటాం. ఆ సామెతలో డొంక అంటే పొదేనని మాకూ తెలుసు. మళ్ళీ పొలానికి పోయేటప్పుడు గుర్తుండదు. నేను రాసిన మాట తప్పు కాదు. అతను చదువుకున్న అర్థమూ తప్పు కాదు. వాడు చెడ్డవాడైతే కాలర్ పట్టుకుని ఉండేవాణ్ణి. మంచివాడు, చెప్పిన పని శ్రద్ధగా చేసినవాడు. జరిగింది చెప్తే గొడుగు పక్కన పడేసి ఆ వానలోనే కూలబడ్డాడు. వాణ్ణి ఓదార్చాల్సి వచ్చింది కూడా నేనే. అందుకు మాత్రం నాకు చచ్చేంత కోపం వచ్చింది.

వెంచర్ ఆయన సంగతి వేరు. మళ్ళీ తవ్వించమని అడిగితే, అమ్మేసిన ప్లాట్ల మధ్యలో కాలవ ఎలా తవ్వుతామండీ అన్నాడు. పెద్దమ్మకి రేకులు కొనిస్తానన్నాడు, మేకలు కొనిస్తానన్నాడు. చివరికి విసుగొచ్చి, "మీరు రాసింది రాసినట్టే చేశాం కద మాస్టారూ" అన్నాడు. కుర్రాడికి తెలియదు సరే. ఈ నేల మీదే పుట్టి, ఈ డొంకల్లోనే బండ్ల మీద మందు డబ్బాలు పంపిన మనిషికి డొంక అంటే ఏంటో తెలియదా? ఆయన ఆ కాగితం అసలు చదివాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చదివి, కుర్రాడి పొరపాటు చూసి, పోనీలే అనుకున్నాడేమో. అడిగితే మాత్రం చెప్తాడా?

కాలనీవాళ్ళతో కలిసి ఆఫీసులమ్మట తిరిగాను. డొంక ప్రభుత్వానిదని, పూడ్చే హక్కు ఎవరికీ లేదని అర్జీలు పెట్టాం. వచ్చి చూస్తామన్నారు. చూశారు కూడా, నిండు ఎండాకాలంలో. నీళ్ళెక్కడ ఉన్నాయని మమ్మల్నే అడిగి, కొబ్బరిబోండాలు తాగి వెళ్ళిపోయారు. మరుసటి వానాకాలం కాలనీవాళ్ళు తమ ఇళ్ళ ముందు తామే ఒక కట్ట పోసుకున్నారు. దాంతో వాళ్ళకి కొంత ఆగింది గానీ, కట్ట అంచున ఉన్న చివరి ఇంటికి ఇంకా ఎక్కువ వచ్చింది. పగిలిన గోడ పడింది. స్లాబు ఒక పక్కకి వాలింది. అందులో ఉండటం ప్రమాదమని చెప్పి అక్క వచ్చి పెద్దమ్మని చిల్లకల్లు తీసుకెళ్ళిపోయింది. నీలం గుమ్మం మాత్రం చాన్నాళ్ళు నిలబడి ఉంది.

అక్క ఇల్లు హైవేకి దగ్గర. పెద్దమ్మ గడప మీద కూర్చుని లారీలు చూసేది. కూతురి ఇంట్లో తింటున్నానన్న బాధ ఆమెకి పోలేదు. చేతిలో ఏ పనీ లేక, వాకిట్లో పిచ్చిగడ్డి పీకుతూ ఉండేది. నన్ను ఒక్కమాట అనలేదు ఎప్పుడూ. అని ఉంటే బాగుండేది. తప్పు నాది కాదని వాదించడానికి నా దగ్గర మాటలన్నీ సిద్ధంగా ఉండేవి. ఆమె ఎప్పుడూ అవకాశం ఇవ్వలేదు.

ఒక ఏడు క్రిస్మస్ అయిన తర్వాత వెళ్తే, జ్వరం తగిలి నోరు చేదుగా ఉందంది. పొద ఇంకా ఉందా అని అడిగింది. ఉందన్నాను. కంచె కూడా ఉందా అంది. ఉందన్నాను. అయితే రేగుపళ్ళు నాలుగు తెచ్చిపెట్టమని అడిగింది. ఆమె నన్ను ఏదైనా అడగడం డొంక తర్వాత అదే మొదటిసారి.

మర్నాడే వెళ్ళాను. వెంచర్‌లో ఇళ్ళు పెద్దగా లేవలేదు, ప్లాట్లలో సర్కారు తుమ్మ మొలిచింది. పొద మాత్రం కంచె లోపల నిగనిగలాడుతోంది. మేకలు కొరకడం లేదు, కట్టెలకి ఎవరూ కొట్టడం లేదు. కొమ్మ కొమ్మకీ పళ్ళు. నా జన్మలో ఆ పొద అంత విరగ్గాయడం చూడలేదు. కింద రాలిన పళ్ళు కుళ్ళి వాసన కొడుతున్నాయి. జేబురుమాలు చేతికి చుట్టుకుని కంచె సందులోంచి చెయ్యి పెట్టాను. వెనకనుంచి వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు, నడివయసు మనిషి, నాకు ముఖం తెలియదు.

"చెయ్యి తీయండి సార్. ఎవరో పెద్ద సారు రాసిచ్చారంటండి, దీన్ని కదిలించకూడదంట" అన్నాడు.

ఆ సారుని నేనేనని చెప్పాలంటే నోరు రాలేదు. చెప్పినా నమ్మడు. నమ్మితే ఇంకా అవమానం. చెయ్యి బయటికి తీసుకున్నాను. నందిగామ సెంటర్లో బండి మీద పెద్ద పెద్ద రేగుకాయలు అమ్ముతున్నారు గానీ కొనలేదు, ఆమె చూడగానే కనిపెడుతుంది. వట్టి చేతులతో చిల్లకల్లు బస్సెక్కాను.

పెద్దమ్మ దుప్పటి కప్పుకుని గడప మీదే ఉంది. నా చేతుల వైపు చూసింది.

"ఈ ఏడు కాయలేదు పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"డొంకలో నీళ్ళు పారకపోతే ఎట్టా కాస్తయ్యిరా, పిచ్చోడా" అంది.

అవునన్నాను.